పత్రిక పుటలో బాపు గీత

విజయవాడలో బందరు రోడ్డు మీద ఒక పాత భవనం ఉంది. విక్టోరియా మహారాణి పాలన స్వర్ణోత్సవానికి స్మారకంగా 1887లో దానికి పునాది వేశారు. 1921లో అఖిల భారత కాంగ్రెసు కమిటీ సమావేశాలు బెజవాడలో జరిగినప్పుడు, కృష్ణా జిల్లా భట్లపెనుమర్రులో జన్మించిన పింగళి వెంకయ్య తాను రూపొందించిన పతాకాన్ని గాంధీజీకి అందించిన ఘట్టంతో ఈ భవనం పేరు ముడిపడి ఉంది. తరువాతి కాలంలో అది పురావస్తు ప్రదర్శనశాల అయింది. అల్లూరులో లభించిన నిలువెత్తు బుద్ధ విగ్రహం అక్కడే ఉంది. నవీకరణ పూర్తయి 2020లో మళ్ళీ తలుపులు తెరుచుకున్న ఆ ప్రదర్శనశాల నేడు ‘బాపు మ్యూజియం’ అనే పేరుతో వ్యవహరింపబడుతున్నది.

శిలావిగ్రహాలు కొలువుదీరిన భవనానికి ఒక చిత్రకారుని పేరు పెట్టడంలో ఒక వింత ఉంది. బాపు రాయిని చెక్కినవారు కారు. ఆయన బొమ్మల్లో చాలా భాగం వారం తిరిగేసరికి పాతబడిపోయే పత్రికల చవక కాగితం మీద అచ్చయినవే. ఆయన కృష్ణా జిల్లావారు కూడా కారు. గోదావరి తీరాన నరసాపురంలో 1933 డిసెంబరు 15న జన్మించారు. జీవితంలో అధికభాగం మద్రాసులో గడిపారు. అయినా విజయవాడ నగరం ఆయన పేరును తన నడిబొడ్డున నిలుపుకొన్నది. ఇందుకు కారణం తెలియాలంటే ముందుగా కృష్ణా డెల్టాకూ, తెలుగు పత్రికలకూ ఉన్న అనుబంధాన్ని గమనించాలి.

ఈ ప్రాంతంలో పత్రిక చదవడమనే అలవాటు కాలువ నీటితోపాటు పల్లెపల్లెకూ పారింది. 1902లో మచిలీపట్నం నుండి కృష్ణాపత్రిక వెలువడింది. గుడివాడ ప్రాంతంలోని ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు 1908లో బొంబాయిలో ఆంధ్రపత్రికను వారపత్రికగా ప్రారంభించి, 1914లో మద్రాసు నుండి దినపత్రికగా నడిపించారు. అదే 1914లో అయ్యంకి వెంకటరమణయ్య వంటివారి కృషితో బెజవాడలో గ్రంథాలయ సంఘం ఏర్పడింది. 1935లో పాతూరి నాగభూషణం డెల్టా కాలువలో పుస్తకాలతో పడవనే నడిపారు. రేవు రేవుకూ పడవ ఆగడం, చదివిన పుస్తకం ఇచ్చి కొత్తది తీసుకోవడం! అక్షరం కోసం ఇంతగా ఎదురుచూసిన నేల మరొకటి ఉన్నదో లేదో కాని, ఒక పత్రిక ప్రతిని పదిమంది చదివే ఆచారం మాత్రం ఇక్కడ ఇలా స్థిరపడింది. చదవడం రానివారికి మరొకరు చదివి వినిపించేవారు. బొమ్మకు ఆ సహాయం కూడా అక్కరలేదు.

ఆంధ్రరాష్ట్రం ఏర్పడిన తరువాత పత్రికారంగం మద్రాసు నుండి క్రమంగా విజయవాడకు తరలింది. 1952లోనే విశాలాంధ్ర ఇక్కడ దినపత్రికగా ఆరంభమైంది. ఆంధ్రప్రభ మద్రాసు నుండి ఇక్కడికి వచ్చింది. 1960 జూలై 1న నార్ల వెంకటేశ్వరరావు సంపాదకత్వంలో ఆంధ్రజ్యోతి ఇక్కడే పుట్టింది. ఆంధ్రపత్రిక సైతం ఆ దశకంలో విజయవాడ చేరింది. ఏలూరు రోడ్డు పొడవునా ప్రచురణ సంస్థలు వెలిశాయి. తెలుగు పుస్తకానికి విజయవాడ రాజధాని అయింది. ఆ పుస్తకాలకు అట్ట కావాలి, ఆ వారపత్రికలకు బొమ్మలు కావాలి. ఆ రెండింటికీ ఎక్కువగా వినిపించిన పేరు బాపు.

పత్రికలో హాస్యచిత్రం బాపుతో మొదలు కాలేదు. అమెరికాలో 1895లో న్యూయార్క్ వరల్డ్ పత్రిక ఆదివారం సంచికల్లో రిచర్డ్ ఔట్‌కాల్ట్ గీసిన బోడిగుండు కుర్రవాడు కనిపించాడు. తరువాత పసుపుపచ్చ చొక్కాతో ‘ఎల్లో కిడ్’గా ప్రసిద్ధి చెందిన ఆ మురికివాడ పిల్లవాని కోసం రెండు పెద్ద పత్రికలు పోటీపడ్డాయి. బొమ్మ పత్రికను అమ్మగలదని లోకానికి తెలిసింది. తెలుగులో 1930లలో తలిశెట్టి రామారావు వ్యంగ్యచిత్రాలు గీశారు. తెలుగు కార్టూనిస్టులు ఆయనను తమకు ఆద్యునిగా భావిస్తారు. వరుస గడులలో బొమ్మలతోనే కథ చెప్పే ప్రక్రియను తెలుగు పాఠకులకు పరిచయం చేసినవారిలో బుజ్జాయి ముఖ్యులు. ఆయన అసలు పేరు దేవులపల్లి సుబ్బరాయశాస్త్రి. భావకవి కృష్ణశాస్త్రి కుమారులు. బడి చదువు లేకుండా తండ్రి వెంట తిరుగుతూ, సొంతంగా బొమ్మలు నేర్చిన బుజ్జాయి ‘డుంబు’ అనే పిల్లవాని పాత్రను సృష్టించారు. పంచతంత్ర కథలను బొమ్మల కథలుగా మలచి, ఇలస్ట్రేటెడ్ వీక్లీ ఆఫ్ ఇండియా ద్వారా దేశమంతటికీ అందించారు. 2022లో ఆయన మరణించినప్పుడు ఆనాటి పిల్లలు, అప్పటికి తాతలైనవారు, డుంబును తలచుకున్నారు.

బాపు అసలు పేరు సత్తిరాజు లక్ష్మీనారాయణ. మద్రాసు మైలాపూరులోని పి.ఎస్. హైస్కూలులో ఆయనకు ధవళేశ్వరంలో పుట్టిన ముళ్ళపూడి వెంకటరమణతో స్నేహం కుదిరింది. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు నడిపిన ‘బాల’ పత్రికలో ఒకరు కథ వ్రాయగా మరొకరు బొమ్మ వేశారు. పిల్లలుగా మొదలుపెట్టిన ఆ ఏర్పాటు 2011లో రమణ కన్నుమూసేవరకు మారలేదు. బాపు 1955లో మద్రాసు విశ్వవిద్యాలయం నుండి న్యాయశాస్త్ర పట్టా పుచ్చుకున్నారు. కాని నల్లకోటు ఆయనను ఆకర్షించలేదు. ఆంధ్రపత్రికలో వ్యంగ్యచిత్రకారుడుగా కుదిరారు. రమణ అదే పత్రికలో ఉపసంపాదకుడు. తమిళ ‘ఆనందవికటన్’లో గోపులు వేస్తున్న బొమ్మలంటే బాపునకు ఎంతో గౌరవం. కొద్దిపాటి గీతలతో ఒక ఇంటినీ, ఒక వీధినీ కళ్ళముందు నిలిపే నేర్పును ఆయన అటువంటి పెద్దల నుండి గ్రహించారు. గ్రహించిన తరువాత దానిని పూర్తిగా తెలుగు చేసుకొన్నారు.

1956-57 ప్రాంతంలో ఆంధ్రపత్రిక వారపత్రికలో ‘బుడుగు’ ధారావాహికగా వచ్చింది. రచన రమణది, బొమ్మలు బాపువి. తాను చిన్నవాడినని ఏమాత్రం ఒప్పుకోని ఒక అల్లరి పిల్లవాడు తన ఇంటినీ, ఇరుగుపొరుగునూ తన భాషలో వర్ణించడమే అందులోని విషయం. 1951లో అమెరికా పత్రికలలో హాంక్ కెచమ్ మొదలుపెట్టిన ‘డెన్నిస్ ద మెనస్’తో బుడుగును పోలుస్తుంటారు. పోలిక అల్లరి వరకే. బుడుగు మాట, బుడుగు ఇల్లు, బుడుగు బామ్మ, బాబాయి అన్నీ గోదావరి నీళ్ళు త్రాగినవే. పొరుగింటి పిల్ల జ్ఞానప్రసూనాంబ పేరు వాడి నోట ‘సీగాన పెసూనాంబ’ అవుతుంది. నోరు తిరగని పిల్లలు సంయుక్తాక్షరాలను ఎలా విడదీసుకొంటారో ఈ ఒక్క పేరు చెబుతుంది. వ్యాకరణ గ్రంథంలో స్వరభక్తి సూత్రం చదివినవారికి కలగని నవ్వు ఇక్కడ కలుగుతుంది.

నిజానికి బుడుగు సంపూర్ణమైన బొమ్మల కథ కాదు. గడులు కట్టి, మాటలను బుడగలలో బంధించి నడిపింది కాదు. వచనం పక్కన బొమ్మ నిలిచిన రచన. అయితే ఆ రెండింటినీ వేరుచేసి చూడడం తెలుగు పాఠకునికి సాధ్యం కాలేదు. పుస్తకరూపంలో ఎన్ని ముద్రణలు వచ్చినా బాపు బొమ్మలు లేని బుడుగును ఎవరూ ఊహించలేదు. రచయిత వర్ణించని విషయాలను చిత్రకారుడు పూరించాడు. పిల్లవాని ధీమా వాడు చెప్పే మాటల్లో ఎంత ఉన్నదో, వాడు నిలబడిన తీరులోనూ అంతే ఉంది.

హాస్యచిత్రం ఎలా పని చేస్తుందో కొంత వివరంగా చూడవలసి ఉంది. ఒక ఉదాహరణ ఊహించుకొందాం. ఒక ఇంటి వరండాలో పడక కుర్చీ. అందులో పొరుగింటాయన కాళ్ళు బారచాపుకొని, దినపత్రికను చేతులు చాచినంత దూరం పట్టుకొని చూస్తున్నాడు. ఇంటి యజమాని పక్కన నిలబడి ఉన్నాడు. బొమ్మ క్రింద ఒకే మాట: ‘మీ కళ్ళజోడు కూడా ఒకసారి ఇప్పించండి.’ మాట లేకుండా బొమ్మ చూస్తే ఎవరో పత్రిక చదువుతున్నట్లు ఉంటుంది. బొమ్మ లేకుండా మాట వింటే అది మామూలు అభ్యర్థన. రెండూ కలిసినప్పుడు, కుర్చీ, పత్రిక అప్పటికే పోగొట్టుకొన్న యజమాని స్థితి మనకు అర్థమై నవ్వు వస్తుంది. బొమ్మ చెప్పిన సంగతినే మాట మళ్ళీ చెబితే ఆ నవ్వు చచ్చిపోతుంది. బాపు కార్టూన్లలో మాట అతి తక్కువగా ఉండడానికి ఇదే కారణం. కొన్నింటిలో అసలే ఉండదు.

ఈ పొదుపునకు ముద్రణాలయం కూడా కొంత కారణమే. ఆ రోజులలో బొమ్మ అచ్చు కావాలంటే దానిని ముందుగా ఫొటో తీసి, జింకు రేకు మీదికి ఎక్కించి, గీత లేని భాగాన్ని ఆమ్లంతో తినివేయించేవారు. ఉబ్బెత్తుగా మిగిలిన గీతకు సిరా అంటుతుంది. ఆ రేకును కొయ్యదిమ్మకు బిగించి, సీసపు అక్షరాల సరసన కూర్చితే అది ‘బ్లాకు’. వెలుగునీడల ఛాయలున్న చిత్రానికి సన్నని చుక్కల బ్లాకు చేయాలి. పత్రికల ముతక కాగితం సిరాను పీల్చుకొని ఆ చుక్కలను అలికివేస్తుంది. ఛాయాచిత్రంలోని ముఖం కొన్నిసార్లు మసిబారిన గోడలా కనిపించేది. గీతకు మాత్రం ఆ భయం లేదు. శుభ్రమైన గీత ముతక కాగితం మీద కూడా శుభ్రంగానే పడుతుంది. ఒకచోట సన్నగా బయలుదేరి, మలుపులో లావై, మళ్ళీ సన్నబడే బాపు గీత ఈ పరిమితిలో నుండి పుట్టిన అందం. రంగు లేదు, నీడ లేదు, వెనుక దృశ్యం లేదు. ఒక ద్వారబంధం చాలు, అది ఇల్లు. ఒక కొబ్బరిమట్ట చాలు, అది ఊరు. మిగిలిన తెల్లకాగితమంతా పాఠకుని వంతు.

అక్షరం విషయంలోనూ ఆయన ఇదే చేశారు. కథల శీర్షికలను సీసపు అచ్చులతో కాక స్వదస్తూరీతో వ్రాసేవారు. తెలుగు లిపిలోని గుండ్రదనాన్ని అలాగే ఉంచి, తలకట్టుకూ కొమ్ముకూ నడక నేర్పారు. ఆ వ్రాత పెళ్ళి శుభలేఖలకు, దుకాణాల పేరుపలకలకు, సినిమా పేర్లకు ప్రాకింది. తరువాత కంప్యూటరు అక్షరాలుగా కూడా రూపొందింది. ఎవరి చేతివ్రాతో తెలియకుండానే ఎందరో ఆ చేతివ్రాతను చదువుతున్నారు. ఒక చిత్రకారుడు ఒక భాష లిపి రూపురేఖలను ఇంతగా ప్రభావితం చేయడం అరుదు. ఆయన వేసిన స్త్రీల బొమ్మల కన్న ఇదే పెద్ద విజయమని చెప్పినా తప్పు కాదు.

స్త్రీల బొమ్మల సంగతి వేరుగా చెప్పుకోవాలి. విశాలమైన కళ్ళు, బారెడు జడ, చక్కని చీరకట్టు కలిగిన అమ్మాయిని ‘బాపు బొమ్మలా ఉంది’ అనడం తెలుగునాట వాడుక అయిపోయింది. ఒక కళాకారుని పేరు భాషలో ఉపమానంగా స్థిరపడడం సామాన్యమైన గౌరవం కాదు. అయితే ఈ గౌరవం ఆయనకు కొంత అన్యాయం కూడా చేసింది. అందమైన బొమ్మ వెనుక, వారం వారం గడువులోపల నవ్వు పుట్టించవలసిన పత్రికా కార్టూనిస్టు మరుగున పడ్డాడు. ఇంకొక మాట కూడా విమర్శకులు అంటారు. ఒకే తీరు సౌందర్యాన్ని పదే పదే చూపడం వల్ల అందం అంటే అదేనన్న భావన పాతుకుపోయిందని, ఆ కొలతకు అందని అమ్మాయిలు నొచ్చుకొన్నారని వారి వాదం. దీనిని తేలికగా త్రోసివేయలేము. బాపు హాస్యచిత్రాల లోకం చాలావరకు మధ్యతరగతి ఇల్లు: భార్యాభర్తలు, అప్పులవాళ్ళు, అత్తాకోడళ్ళు, ఆఫీసు గుమాస్తాలు. డెల్టా పొలాల్లో నడుము వంచి నాట్లు వేసే కూలీ స్త్రీ అక్కడ అరుదుగా తప్ప నవ్వించలేదు, నవ్వలేదు.

ఆ లోటును మరొకరు మరొక విధంగా పూరించారు. ఏలూరుకు చెందిన మోహన్ విజయవాడలో విశాలాంధ్రలో పత్రికారచయితగా పనిచేసి, అనంతరం రాజకీయ కార్టూనిస్టుగా పేరు పొందారు. మోహన్ కుంచె మొరటుగా, ఆగ్రహంగా కదులుతుంది. అధికారంలో ఉన్నవాని బొజ్జ, బక్కచిక్కినవాని ఎముక ఆ బొమ్మల్లో ఎదురెదురుగా నిలుస్తాయి. తన వృత్తి గురించి ఆయన ‘కార్టూన్ కబుర్లు’ అనే పుస్తకం వ్రాశారు. 2017లో మరణించారు. ఈనాడులో 1981 నుండి 2021 వరకు నలభై సంవత్సరాలు కార్టూన్లు వేసిన శ్రీధర్ ‘ఇదీ సంగతి’ శీర్షికతో రాజకీయ వ్యంగ్యాన్ని ఉదయం కాఫీతోపాటు ఇంటింటికీ చేర్చారు. దారులు వేరైనా, నాలుగు గీతలలో మనిషిని పట్టుకోవచ్చుననే నమ్మకం తెలుగు పాఠకునిలో అప్పటికే ఉండడం వీరికి కలిసివచ్చింది. ఆ నమ్మకం కలిగించడంలో ఆంధ్రపత్రిక పుటలకు పెద్ద వాటా ఉంది.

బాపు-రమణల ప్రభావం వెండితెరకు కూడా విస్తరించింది. 1967లో ‘సాక్షి’తో బాపు దర్శకులయ్యారు. చిత్రీకరణకు ముందే సన్నివేశాలన్నింటినీ చిన్న చిన్న బొమ్మలుగా గీసుకొనడం ఆయన పద్ధతి. ఎవరు ఎక్కడ నిలబడాలి, కెమెరా ఎంత దూరాన ఉండాలి అనేవి ఆ గడులలోనే నిర్ణయమయ్యేవి. పత్రికలో పూర్తిస్థాయిలో చేపట్టని గడుల కథను ఆయన సినిమా కోసం జీవితాంతం గీశారనవచ్చు. 1975 నాటి ‘ముత్యాలముగ్గు’లో ఒక్కొక్క దృశ్యం పటం కట్టినట్లు ఉండడం ఇందువల్లనే. రమణ సృష్టించిన పాత్రలు కూడా పుటలు దాటి ప్రయాణించాయి. ‘రెండు జెళ్ళ సీత’ అనే పేరుతో 1983లో జంధ్యాల సినిమా తీశారు. రాధ, గోపాలం అనే దంపతుల పేర్లు 2005లో బాపు దర్శకత్వంలోనే ‘రాధాగోపాళం’గా తెరకెక్కాయి.

విజయవాడతో వారి అనుబంధం చివరివరకు సాగింది. నవోదయ వంటి ప్రచురణ సంస్థలు వారి పుస్తకాలను పాఠకులకు చేర్చాయి. ముళ్ళపూడి రచనలన్నింటినీ ‘సాహితీ సర్వస్వం’గా సంపుటాలలో వెలువరించింది విశాలాంధ్ర ప్రచురణాలయం. వామపక్ష ఉద్యమం నుండి పుట్టిన సంస్థ రాముని భక్తులైన ఈ మిత్రుల హాస్యాన్ని భద్రపరచడం విజయవాడకే చెల్లింది. రమణ ఆత్మకథ ‘కోతికొమ్మచ్చి’ ఇదే నగరం నుండి వచ్చే స్వాతి వారపత్రికలో బాపు బొమ్మలతో ధారావాహికగా వెలువడింది. ఆంధ్రపత్రికలో మొదలైన జంట అర్ధ శతాబ్ది తరువాత మళ్ళీ ఒక వారపత్రిక పుటలోనే కలిసి కూర్చున్నది. 2013లో బాపునకు పద్మశ్రీ పురస్కారం లభించింది. 2014 ఆగస్టు 31న చెన్నైలో ఆయన తుదిశ్వాస విడిచారు.

ఆ బొమ్మలను తొలిసారి మోసిన పత్రికలలో చాలావాటి కథ అంత సుఖాంతం కాదు. ఆంధ్రపత్రిక 1991లో ఆగిపోయింది. బ్లాకులు పాత జింకు ధరకు పోయే వస్తువులు. వాటిని దాచాలన్న ఆలోచన ఆనాటి ముద్రణాలయాలలో తక్కువ. పత్రికా కాగితం సహజంగానే పసుపుబారి, మడత దగ్గర విరిగి, చివరకు పొడి అవుతుంది. పుస్తకరూపం పొందిన బొమ్మలు బ్రతికాయి. పొందనివి ఎన్నో లెక్క కట్టడం కష్టం. ఆంధ్రప్రదేశ్ ప్రెస్ అకాడమీ ఆంధ్రపత్రిక, కృష్ణాపత్రిక వంటి పాత సంచికలను కంప్యూటరు ప్రతులుగా మార్చి, పరిశోధకులకు అందుబాటులోకి తెచ్చింది. ఆ ప్రతులలో కొన్నిచోట్ల అక్షరాలు చెదిరి ఉంటాయి. ఫొటోలు నల్లని మరకలుగా మిగిలి ఉంటాయి. గీతబొమ్మలు మాత్రం ఎక్కువచోట్ల గుర్తుపట్టేటట్లే ఉంటాయి.

ఇవి కాక మరొక రకమైన భాండాగారం ఉంది. వెనుకటి తరం ఇల్లాళ్ళు వారపత్రికలలోని ధారావాహికలను వారం వారం జాగ్రత్తగా చించి, వరుసగా పేర్చి, దారంతో కుట్టి, మందపాటి అట్ట వేసి దాచుకొనేవారు. కుట్టులో పడి కొన్ని పంక్తులు కనుమరుగయ్యేవి. బొమ్మ ఉన్న పుటను మాత్రం అంచు చెడకుండా కుట్టేవారు. విజయవాడ లెనిన్ సెంటరులోని పాత పుస్తకాల దుకాణాలలో అటువంటి సొంత కుట్టు సంపుటాలు ఇప్పటికీ అప్పుడప్పుడు చేతికి తగులుతుంటాయి. వాటి మీద ప్రచురణకర్త పేరు ఉండదు. లోపలి పుటలో ఒక మూల సిరాతో వ్రాసుకొన్న ఆ ఇంటివారి పేరు, బొమ్మ క్రింద ‘బాపు’ అనే సంతకం ఉంటాయి.